తెల్లబోయిన సీసా

ఓదెమ్మ మెట్లెక్కి వచ్చేసరికి, జనగామ బస్టాండు ఎదుట జిరాక్సు దుకాణం పైగదిలో ఒక పెద్ద వివాదం నడుస్తోంది. ప్లేటులో మిగిలిన ఒకే ఒక్క మిర్చిబజ్జీ ఎవరిదన్నదే ఆ వివాదం.

"సగం నీది, సగం నాది," అన్నాడు జయపాల్.

"మిరపకాయ తొడిమె వైపు నీది, కొస వైపు నాది. కారం ఎటు ఎక్కువుంటదో నాకు తెలుసు బావా," అంది షారోన్.

వాళ్ళ పెళ్ళయి సరిగ్గా నలభై రెండు రోజులు. లెక్క జయపాలే పెట్టుకున్నాడు. పొద్దుట లెక్కల ట్యూషన్లు చెప్పి, తొమ్మిది కాగానే భార్య ఆఫీసుకు వచ్చి, ఆమె ఫైళ్ళు సర్ది, బండి నడిపి, ఆమె ఆలోచిస్తున్నప్పుడు ఆ ముఖం చూస్తూ కూర్చోవడం కంటే మంచి ఉద్యోగం లోకంలో ఉంటుందని అతను నమ్మడు. షారోన్ రసాయనశాస్త్రం చదివి, నీళ్ళూ గాలీ పరీక్షించే ప్రయోగశాలలో మూడేళ్ళు పనిచేసి, ఆపైన ఈ డిటెక్టివ్ బోర్డు కట్టింది. నీళ్ళు అబద్ధం చెప్పవు, నీళ్ళు పట్టినవాళ్ళే చెబుతారు అని ఆమె అంటే, అతనికి అది పాటలా వినిపించేది.

గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మను చూడగానే షారోన్ ప్లేటు పక్కకు జరిపి లేచింది.

"రా అవ్వా, కూసో. నీళ్ళు తాగు."

"నీళ్ళ సంగతే బిడ్డా, నా పాణం తీస్తున్నది," అంది ఓదెమ్మ.

ఆమెది నెల్లికుదురు అవతల ఒక చిన్న ఊరు. మాదన్నకుంట కింద ఎకరంన్నర మిరపతోట. పది రోజుల కిందట ఒక పొద్దున కుంటలో చేపలు తెల్లగా కడుపులు పైకి తేల్చి చచ్చిపడ్డాయి. అంతకు రెండు రోజుల ముందు ఓదెమ్మ కుంట ఒడ్డున స్ప్రే పంపు కడగడం ఊరంతా చూసింది.

"ఏం మందు కొట్టినవు అవ్వా?"

"వేపనూనె బిడ్డా. ఒట్టి వేపనూనె. చెబితే ఎవ్వడు నమ్మడు. మందు కలిపి చేపలను సంపిందన్నరు. నా తూము మూసిండ్రు. కాయ ఎర్రబడే యాళ. ఇంకొక్క తడి లేకుంటే కాయ చెట్టు మీదనే రంగు పోయి తెల్లతాలయితది. ఎల్లుండి ఐతారం పొద్దున పంచాయితి పెడుతరట. ఈ కారు పంట మొత్తానికి నాకు నీళ్ళు ఇయ్యొద్దు, నా తోటల కాయ ఏరెతందుకు ఎవ్వరు పోవద్దు అని కట్టుబాటు చేస్తరట." కొంగుతో ముఖం ఒత్తుకుంది. "ముసలాయన పోయినంక ఆ తోటనే నా ఇల్లు, నా తోడు."

"పరీక్ష చేయించలేదా?"

"చేయించిండ్రు. భూపాలపల్లి నుంచి ఒక పిల్లగాడొచ్చి నీళ్ళు పట్టుకపోయిండు. కుంటల గాలి మంచిగున్నదని రాసిచ్చిండ్రట. ఊపిరాడక సావలే, మందుతోనే సచ్చినయ్ అంటున్నరు."

షారోన్ ముందుకు వంగింది. "ఆ పిల్లగాడు నీళ్ళు పట్టంగ నువ్వు చూసినవా?"

"చూడకేం? నన్ను దొంగను నిలబెట్టినట్టు అక్కడనే నిలబెట్టిండ్రు గద. గాజుసీసలు రెండు ముంచిండు. సన్నగొట్టంతోని రెండు తీర్ల మందు పోసి మూత బిగించి అటిటు తిప్పిండు. లోపల తెల్లగ తెల్లగ, పాలు ఇరిగినట్టయింది."

"తెల్లగనా? మంచిగ యాది చేసుకో. ఎర్రమట్టి రంగు కాదు గద?"

"తెల్లగనే బిడ్డా. నాకు కండ్లు మంచిగనే కనబడుతయ్."

షారోన్ ముఖంలో ఒక మెరుపు. ఆ మెరుపు కనిపిస్తే చాలు, జయపాల్ చేయి దానంతటదే బండి తాళంచెవి మీదికి పోతుంది.

*

మధ్యాహ్నానికి ముగ్గురూ ఊళ్ళో ఉన్నారు. కుంట మీది నుంచి పుల్లటి కంపు కొడుతోంది. గట్టు మీద చేపల సొసైటీ అధ్యక్షుడు యాకయ్య తట్టలో ఏవో చేపలు సర్దుతున్నాడు. ఓదెమ్మను చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"పట్నం నుంచి వకీలును తెచ్చినవా అవ్వా?"

"వకీలును కాదన్నా, డిటెక్టివును," అంది షారోన్. "గిప్పుడు కూడా చేపలు పడుతున్నయా?"

"బొచ్చెలు, రవ్వలు, బంగారుతీగలు మొత్తం పోయినయమ్మా. మిగిలినయి గివే, కొర్రమట్టలు. ఒక్కటి సావలే. మొండిఘటాలు."

"కప్పలు?"

"కప్పలకేమైతది, ఒర్రుతనే ఉన్నయ్. మమ్ములను నిద్రపోనిస్తలేవు." యాకయ్య గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువగా ఉంది. "నలభై ఇండ్లు బతికేది ఈ కుంట మీదనమ్మా. ఈమె గట్టు మీద మా వలలు ఆరేస్తే లొల్లి పెట్టుకుంటది. ఆ కసితోనే చేసింది."

"వలలకు నా మిరపచెట్లు ఇరుగుతున్నయంటే లొల్లి అంటవా?" అని ఓదెమ్మ తిరగబడింది. "నీ వల నా చెట్టు మీద, నా నోరు నీ మీద!"

జయపాల్ నవ్వు ఆపుకోవడానికి కుంట వైపు చూశాడు. షారోన్ మాత్రం అడగాల్సింది అడిగింది. సీసాలు భూపాలపల్లికి ఎట్ల పోయాయి?

"మా మిల్లు సేటు దేవేందరన్న తన కారు ఇచ్చిండు. మంచి మనిషి. సేటు, నేను, ఆ వివేక్ పిల్లగాడు మానుకోట దాక పోయినం. అక్కడ పిల్లగాడు టిఫిన్ తినపోయిండు. నేను వల దారం కొనపోయిన. తర్వాత పిల్లగాడు బస్సెక్కిండు."

"సీసాల డబ్బా?"

"కారులనే. నేనొచ్చేసరికి సేటు నిద్రపోతుండు."

మహబూబాబాద్‌ను ఆ చుట్టుపక్కల అందరూ మానుకోట అనే అంటారు. జయపాల్ నోటుబుక్కులో మానుకోట అని రాసి, కింద గీత గీశాడు.

దేవేందర్ మిల్లు కుంటకు ఎగువన ఉంది. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి బియ్యం ఆడించే బాయిల్డ్ మిల్లు. ఆవరణలో తెల్ల కారు. కారు సీటు వీపున గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల కండువా పరిచి ఉంది. దేవేందర్ చొక్కా కూడా అదే మాదిరి, వంగితే విరుగుతుందేమో అన్నంత బిరుసుగా ఉంది. ఎదురొచ్చి కుర్చీలు వేయించాడు.

"పాపం ముసలామె, తెలవక చేసి ఉంటది. మనమేమన్న కేసు పెడదామంటిమా? తూము బందు వెడితే సాలనుకున్నం," అన్నాడు.

"మానుకోటల మీరు కారులనే ఉన్నరా సేటూ?"

"ఉన్న. జర కన్నంటుకున్నది. లేచి చూస్తే యాకయ్య ఒక్కడే డబ్బ పక్కన కూసున్నడు. నేను పాన్ డబ్బ కాడికి పోయిన. అంతే."

షారోన్ కారు దాకా నడిచి అద్దంలోంచి తొంగి చూసింది. "ఎంత మంచి కండువా! దాని మీద మరక పడ్డదే?"

కండువా అంచున అరచేయంత మేర ముదురు గోధుమ రంగు మరక.

"చాయ్ ఒలికింది. చాకలామె సోమారం వస్తది," అన్నాడు దేవేందర్.

బండి దగ్గరికి వచ్చాక జయపాల్ గుసగుసగా అన్నాడు: "ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్తున్నరు. డబ్బాతో ఇద్దరూ ఒక్కోసారి ఒంటరిగనే ఉన్నరు. ఎవరు?"

"రేపు చెప్తా. భూపాలపల్లి పోదాం. దారిలో నువ్వు నాకు చెరుకురసం ఇప్పించాలె."

"నిమ్మకాయ వేసి, ఐసు లేకుండ."

"గుర్తుంది నీకు!" అంది షారోన్. మొత్తం కేసు కంటే ఆ రెండు మాటలే జయపాల్‌కు ఎక్కువ ఆనందమిచ్చాయి.

*

మరునాడు చెల్పూరు దాటుతుంటే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనిపించాయి. ప్రయోగశాల భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద రెండు గదుల్లో ఉంది. బొగ్గు గనుల నీళ్ళూ, బూడిద నీళ్ళూ, బోరు నీళ్ళూ అన్నీ అక్కడికే వస్తాయి. పరీక్షలు చేసే వనజ అద్దాలు పైకి తోసి రిజిస్టరు తెరిచింది.

"మాదన్నకుంట, రెండు సీసాలు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు ఆరు పాయింట్ ఎనిమిది మిల్లీగ్రాములు. చేప బతకడానికి అది నిక్షేపంగ సరిపోతది. నా చేతులతో నేనే చేసిన మేడం, తప్పు పోదు."

"నీ తప్పు కాదక్కా. సీసాలు నీ దగ్గరికి వచ్చినప్పుడు లోపల అడుగున ఏం రంగుంది?"

వనజ వేలితో ఒక గడి చూపింది. గోధుమ రంగు. ఆ పక్కన ఎర్ర సిరాతో ఇంకో మాట ఉంది: మూతలు తారుమారు.

"ఇదేంది?"

"మా సీసాలకు, మూతలకు జతగ నంబర్లుంటయ్. పధ్నాలుగో సీసకు పధ్నాలుగో మూతనే. వేరేది పెడితే సందుల గాలి పోతది. ఈ రెండు సీసాలకు మూతలు మారినయ్. వివేక్‌ను మస్తు తిట్టిన."

పక్కనే నిలబడ్డ వివేక్ ముఖం ఎర్రబడింది. పాతికేళ్ళుంటాయి. "నేను మార్చలే అక్కా! ఒక సీస నింపి, మందులు పోసి, మూత బిగించినంకనే రెండోది ముట్టుకుంట. నా పుస్తకం చూడున్రి."

షారోన్ చూసింది. పధ్నాలుగు, పదిహేడు. ఒక్కోదానికి వేరు వేరు సమయం, వేరు వేరు సంతకం. ఒడ్డున కనిపించిన రంగు రాసే గడి మాత్రం ఖాళీగా ఉంది.

"ఇది రాయాల్సింది తమ్మీ," అంది మెత్తగా. "నువ్వు రాయకపోతే ఒక ముసలామె చూసి గుర్తుపెట్టుకుంది. సామానంతా పట్టుకొని ఇయ్యాల్నే ఆ ఊరి బస్సెక్కు, రేపు పొద్దున్నే పంచాయితి."

*

ఆదివారం పొద్దున ఏడున్నరకు పంచాయతీ ఆఫీసు ముందు ఊరు ఊరంతా చేరింది. ముందు వరుసలో యాకయ్య, అతని మనుషులు. కుర్చీలో దేవేందర్, వెనక అతని తెల్ల కారు. తూము తాళంచెవి నడుముకు కట్టుకున్న నీరటి పెంటయ్య గోడకు ఆనుకున్నాడు. ఓదెమ్మ ఒక్కతే నేల మీద కూర్చుంది. ఆమె పక్క ఎవరూ కూర్చోకపోవడం చూసి జయపాల్ పోయి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"పంచాయితికి ముందు ఒక పది నిమిషాలు నాకియ్యున్రి," అంది షారోన్. "ఈ కుంటల మందు ఎవరూ కలపలే."

గోల లేచింది. ఆమె చేయెత్తింది.

"యాకయ్యన్నా, నువ్వే చెప్పినవ్. కొర్రమట్టలు సావలే, కప్పలు సావలే. పురుగుమందు కలిస్తే అది కొర్రమట్ట, ఇది బొచ్చె అని చూస్తదా? అన్నీ పోతయ్. కొర్రమట్ట నీళ్ళపైకి వచ్చి మనలెక్కనే గాలి పీలుస్తది. అందుకే నీళ్ళల్ల గాలి అయిపోయినా అది బతికింది. బొచ్చె, రవ్వ నీళ్ళల్ల కరిగిన గాలితోనే బతకాలె. అవి ఊపిరాడకనే సచ్చినయ్."

యాకయ్య చేయి అడ్డంగా ఊపాడు. "గదేంది, గాలి మంచిగున్నదని రిపోర్టు చెప్పింది గద?"

"ఆ రిపోర్టు పుట్టిన తీరు చూపిస్త. తమ్మీ, రా."

పొద్దున్నే కుంట అడుగు నుంచి నింపి తెచ్చిన సీసాను వివేక్ బల్ల మీద పెట్టాడు. సన్నని గొట్టంతో రెండు మందులు నీళ్ళ లోతున వదిలి, మూత బిగించి, అటూ ఇటూ తిప్పాడు. లోపల తెల్లని తునకలు విచ్చుకున్నాయి.

"గట్లనే! ఆ పొద్దు గూడ గట్లనే!" అని ఓదెమ్మ అరిచింది.

"నీళ్ళల్ల గాలి ఉంటే ఈ తునకలు గోధుమ రంగైతయ్. లేకుంటే గిట్ల తెల్లగనే ఉంటయ్. ఇప్పుడు చూడున్రి." షారోన్ మూత తీసి, కొంచెం నీళ్ళు ఒంపి, ఖాళీ అయినచోట పంచాయతీ కుండలోని నీళ్ళు పోసి, మూత పెట్టి ఊపింది. తెల్లదనం అందరి కళ్ళ ముందే ముదిరి గోధుమ రంగుకు తిరిగింది.

"ఒడ్డున తెల్లగ ఉన్న సీస భూపాలపల్లిల గోధుమ రంగుల దిగింది. అంటే తొవ్వల ఎవరో మూత తీసిండ్రు. రెండు సీసలవి ఒక్కసారే తీసిండ్రు, పెట్టేటప్పుడు తారుమారు చేసిండ్రు. లాబుల రాసి ఉన్నది. ఏ మూత దేనిదో తెలిసిన వివేక్ తమ్ముడు గట్ల మార్చడు. ఆయన గాక డబ్బ పక్కన ఒంటరిగ ఉన్నది ఇద్దరు. యాకయ్యన్న ఒకరు, సేటు ఒకరు."

"నేనా!" యాకయ్య లేచి నిలబడ్డాడు. "నా చేపలు సచ్చి నేనేడుస్తుంటే!"

"కూసో అన్నా. మూత తీసిన మనిషికి ఈ శాస్త్రం తెలవదు. ఆయన చూసింది ఒక్కటే, సీసల తెల్లగ తేలుతున్న తునకలు. మీకు అవి ఎట్ల కనబడ్డయ్?"

"సున్నం లెక్క," అన్నాడొకడు.

"నాకు ఇరిగిన పాలు," అంది ఓదెమ్మ.

"సున్నం చూసి ఎవరూ భయపడరు. ఇరిగిన పాలు చూసి ఎవరూ భయపడరు. మరి సీసల తెల్లటిది చూసి గుండె ఆగినంత పనయ్యేది ఎవరికి?" షారోన్ నెమ్మదిగా కుర్చీ వైపు తిరిగింది. "రోజూ వడ్లు నానబెట్టిన నీళ్ళు కుంటల వదిలే మనిషికి. ఆయనకు అది గంజి లెక్క కనబడ్డది. నా మిల్లు గంజి సీసల తేలి సాక్ష్యం చెప్తున్నదనుకున్నడు. ఒంపేసి మంచినీళ్ళు కలిపితే పోతదనుకున్నడు. ఆ పుల్లటి నీళ్ళను తినే సూక్ష్మజీవులే కుంటల గాలి మొత్తం పీల్చేసినయ్."

దేవేందర్ నవ్వాడు, కాని నవ్వు సగంలో ఆగింది. "కథలు మస్తుగ చెప్తున్నవమ్మా. రుజువేది?"

"మీ కారుల ఉన్నది. పెంటయ్య బాపూ, ఆ కండువా జర తెస్తవా?"

కండువా వచ్చింది. షారోన్ దాన్ని బల్ల మీద పరిచింది. ఒక మూల మీద హోటలు నుంచి తెప్పించిన చాయ్ నాలుగు చుక్కలు పోసింది. వివేక్ చేతిలోంచి పలుచని ఆమ్లం డ్రాపరు తీసుకుని ముందు ఆ చాయ్ మరక మీద రెండు బొట్లు వేసింది. మరక కొంచెం పాలిపోయింది, అంతే.

"ఇది చాయ్. సేటూ, మీ మరక కూడా చాయే అన్నరు గద?"

దేవేందర్ కుర్చీ వెనక్కి జరిపాడు.

పాత మరక మీద రెండు బొట్లు పడ్డాయి. అందరూ మెడలు చాచారు. గోధుమ రంగు కరిగినట్టే కరిగి, దాని చోట నీలం పుట్టింది, చూస్తుండగానే నలుపు తిరిగిన ముదురు నీలం అయింది, నేరేడుపండు పిండినట్టు పరుచుకుంది. వెనక వరుసలో ఒక ఆడమనిషి "అవ్వో!" అంది.

"సీసల పోసే మందుల అయొడిన్ దాగి ఉంటది. ఆమ్లం తగలంగనే బయటికొస్తది. అయొడిన్ గంజిని ముట్టుకుంటే నీలం. ఈ కండువాకు గంజి మీరే పెట్టించిండ్రు సేటూ. మీరు భయపడ్డ గంజి సీసల లేకుండె. మీ కండువాలనే ఉండె."

జయపాల్ నోటుబుక్కు ఎప్పుడో కింద పడిపోయింది. చప్పట్లు కొట్టాలని ఉంది, కాని ఓదెమ్మ అతని చేయి గట్టిగా పట్టుకుని ఉంది.

దేవేందర్ ముఖం సీసాలోని మొదటి రంగుకు తిరిగింది. "మిల్లు మూస్తరని భయమైంది," అన్నాడు. "శుద్ధిచేసే తొట్టి పాడయి రెండు నెలలాయె. వారం రోజులల్ల బాగైతది గదా అని కాలువల వదిలిన. చేపలు సస్తయని అనుకోలే. ముసలామె పేరు వచ్చినంక... ఇగ నోరు మూసుకున్న."

"నోరు మూసుకున్నవా!" యాకయ్య మీదికి పోబోయాడు. నలుగురు పట్టుకున్నారు.

తర్వాత జరగాల్సినవి చకచకా జరిగాయి. తొట్టి బాగయ్యేదాకా మిల్లులో వడ్లు నానవద్దన్నారు. కుంటలో చేపపిల్లలు దేవేందరే వేయాలన్నారు. కాలుష్యం అధికారులకు కాగితం రాయడానికి జయపాల్ పెన్ను తీశాడు. ఓదెమ్మ ఇవేవీ వినడం లేదు. ఆమె చూపు పెంటయ్య నడుముకున్న తాళంచెవి మీదే ఉంది.

యాకయ్య ఆమె ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది అవ్వా. నిన్ను అనరాని మాటలన్న. నీ కాళ్ళు..."

"మొక్కుడు తర్వాత మొక్కుదువు గని," అంది ఓదెమ్మ లేచి నిలబడుతూ. "ముందుగాల పార తీసుకో. నీళ్ళు నా తోటకు మళ్ళేటట్టు మడవ తిప్పు."

ఊరంతా ఫక్కున నవ్వింది. యాకయ్య పార భుజాన వేసుకుని ముందు పరుగెత్తాడు, వెనక పెంటయ్య. తూము లేచింది. నీళ్ళు మొదట నురుగు కక్కి, తర్వాత చల్లగా, గట్టిగా కాలువలోకి దూకాయి. షారోన్ చెప్పులు చేత పట్టుకుని గట్టు వెంట నీళ్ళతో పందెం వేసుకుంది. జయపాల్ ఆమె వెనక పరుగు.

"ఆగు షారోన్, జారుతవ్!"

"నీళ్ళు ఆగుతున్నయా బావా!"

ఎర్రటి కాయలతో వంగిన మొదటి సాలులోకి నీటిపాయ తల దూర్చింది. ఎండిన నేల బుసబుసమని తాగింది. ఓదెమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆ బురదలోకి దిగి, మోకాటిలోతు చెట్ల మధ్య నిలబడి, నీళ్ళు తన పాదాలు దాటి రెండో సాలుకు పోయేదాకా కదల్లేదు.